ఇంప్రెషన్ కింద రాసే మాట

చిరంజీవి అమ్మలుకి,

నువ్వు పంపిన స్కాన్లన్నీ తీరిగ్గా చూశాను. ఫోన్‌లో చెప్పేద్దామనుకున్నాను గానీ నువ్వడిగింది ఫోన్‌లో తేలేది కాదు. "ఛాతీ సీటీ ఒక పని మీద చేస్తాం, వెతకని సిస్టు ఇంకోటి బయటపడుతుంది. దాని గురించి రిపోర్టులో ఎంత రాయాలి, ఎక్కడ ఆపాలి?" అన్నావు. రేడియాలజీ ఎండీ పట్టా చేతికొచ్చిన మొదటి ఏడాదే ఈ ప్రశ్న నీకు తట్టడం నాకు సంతోషంగా ఉంది. చాలామందికి చాన్నాళ్ళ దాకా తట్టదు.

ముందు ఆ టీచరమ్మ సంగతి చూద్దాం. గుండె రక్తనాళాల సీటీకి వచ్చింది. నాళాలు శుభ్రంగా ఉన్నాయి. గుండెకు కుడి పక్కన, డయాఫ్రం మీద ఆనుకుని నాలుగు సెంటీమీటర్ల నీటితిత్తి కనబడింది. గోడ ఉల్లిపొరంత పలచన. లోపలి సాంద్రత 6 హౌన్స్‌ఫీల్డ్ యూనిట్లు. నువ్వు రిపోర్టు చివర ఇంప్రెషన్‌లో "గుండె పక్కన సిస్టిక్ లీజన్, క్లినికల్ కోరిలేషన్ అవసరం" అని రాశావు. అందులో అబద్ధం ఒక్క అక్షరం లేదు. కానీ ఆ కాగితం తర్వాత ఏమవుతుందో ఒకసారి ఆలోచించు. కోరిలేట్ చెయ్యడానికి ఆ ఫిజీషియన్ దగ్గర నీకంటే ఎక్కువ ఏముంది? ఆమెకు లక్షణాలే లేవు. ఆయన ఆ లైను చదివి, పైకి పంపిస్తే తన బాధ్యత తీరుతుందనుకుంటాడు. ఇంట్లో కొడుకో కోడలో ఆ మాటను ఆ రాత్రే ఫోన్‌లో వెతుకుతారు. తెల్లారేసరికి బంధువులందరికీ "గుండె దగ్గర గడ్డ" అని తెలిసిపోతుంది. హైదరాబాదు ప్రయాణం, ఇంకో సీటీ, ఇద్దరు ముగ్గురు స్పెషలిస్టులు. చివరికి ఎవరో ఒకరు "ఏం కాదమ్మా, పొండి" అంటారు. ఆ మాట మొదట అనగలిగింది నువ్వే.

అది పెరికార్డియల్ సిస్టు. వీటిలో ఎక్కువ భాగం సరిగ్గా అక్కడే, గుండెకూ డయాఫ్రానికీ మధ్య కుడి మూలలోనే ఉంటాయి. పుట్టుకతో వచ్చినవి. ఎన్నో ఏళ్ళ నుంచీ ఆమెతో పాటే ఉంది, ఆమెకు తెలియదు, అంతే. అదే మూలలో కొవ్వు గడ్డ ఉండొచ్చు, డయాఫ్రం సందులోంచి పైకి జారిన మోర్గాని హెర్నియా ఉండొచ్చు. కానీ ఆ రెంటిలోనూ కొవ్వు ఉంటుంది, సాంద్రత మైనస్ వంద దగ్గరికి దిగుతుంది. ఇక్కడ నీరు తప్ప ఇంకేమీ లేదు. కాబట్టి ఇలా రాయి: "పెరికార్డియల్ సిస్టు, నిరపాయకరం. లక్షణాలు లేనందున చికిత్స గానీ మళ్ళీ సీటీ గానీ అవసరం లేదు." అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ కమిటీ 2018లో మీడియాస్టైనంలో అనుకోకుండా దొరికేవాటి మీద సలహాపత్రం తెచ్చింది, తీరిక చేసుకుని చదువు. ఆ టీచరమ్మకు ఈ వారంలోనే అడెండం రిపోర్టు పంపు. ఆమె ఫోన్ నంబరు సెంటర్ రిజిస్టర్లో ఉంటుంది, నువ్వే మాట్లాడు.

నేను నీకు చెప్పదలచుకున్నది ఇదే. "వదిలెయ్యవచ్చు" అని రాయడం కూడా మన పనే. వదిలెయ్యకూడనిది చూసినప్పుడు ఎంత గట్టిగా చెప్తామో, వదిలెయ్యదగ్గది చూసినప్పుడూ అంతే గట్టిగా చెప్పాలి. ఏదీ తేల్చకుండా రాస్తే మనకేదో రక్షణ ఉంటుందని ఒక నమ్మకం ఉంది. వైద్యసేవలు వినియోగదారుల చట్టం కిందికి వస్తాయని 1995లో సుప్రీంకోర్టు తేల్చాక ఆ భయం మరీ పెరిగింది. ఆ భయం నాకూ తెలుసు. కానీ గోడమీద పిల్లివాటంగా రాసిన రిపోర్టు కోర్టులోనూ కాపాడదు, రోగినీ కాపాడదు. ఏం చూశావో, ఎందుకు అలా అనుకున్నావో రాసిన రిపోర్టుకే విలువ.

ఇక రెండోది, బైకు యాక్సిడెంట్ కుర్రాడిది. అసలు చిక్కు ఇక్కడుంది, కాబట్టి కాస్త విస్తరంగా రాస్తాను.

రొమ్ము ఎముక వెనక, బృహద్ధమనికి ముందు, రెండు సెంటీమీటర్ల కోడిగుడ్డు ఆకారపు నీడ. సాంద్రత 34 యూనిట్లు. నీళ్ళయితే సున్నా దగ్గర ఉండాలి, ఇది 34 ఉంది, కాబట్టి గట్టి కణితే అని లెక్క వేసి "థైమోమా అవకాశం, సర్జన్ అభిప్రాయం తీసుకోవాలి" అన్నావు. మనం రోజూ వాడే ఈ కొలతకు తన పేరిచ్చిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ డాక్టరు కాదు, ఇంజినీరు. ఆయన చేసిన యంత్రంతో 1971లో లండన్‌లోని ఆట్కిన్సన్ మోర్లీ ఆసుపత్రిలో తొలిసారి ఒక రోగి తల స్కాన్ చేశారు. 1979లో అలన్ కోర్మాక్‌తో కలిపి ఆయనకు నోబెల్ ఇచ్చారు. నీటికి సున్నా, గాలికి మైనస్ వెయ్యి అన్న ఆ కొలబద్ద అద్భుతమైనదే. కానీ అది చెప్పేది సాంద్రతను మాత్రమే. తిత్తిలో ఉన్నది పలచని నీరైతే సున్నా చూపిస్తుంది. ప్రొటీను కలిసినా, ఎప్పుడో కాస్త రక్తం చేరినా 30, 40 చూపిస్తుంది, ఇంకా పైకి కూడా పోతుంది. థైమస్ తిత్తుల్లో ఇది చాలా మామూలు.

దానికి తోడు ఆ చోటు కొలతకు అసలు అనుకూలమైనది కాదు. పక్కనే గుండె కొట్టుకుంటూ బొమ్మను అదరగొడుతుంది. ఎడమ చేతికి కాంట్రాస్ట్ ఎక్కించారంటే అది ఎడమ బ్రేకియోసెఫాలిక్ సిరలో చిక్కగా నిండి సరిగ్గా థైమస్ పక్క నుంచే పోతుంది. దాని నుంచి గీతలు గీతలుగా మెరుపు చిమ్ముతుంది. ఆ గీత ఒకటి నీ కొలత వృత్తంలో పడిందంటే అంకె ఎగిరిపోతుంది. నీ కుర్రాడి స్కాన్‌లో అదే జరిగింది. నేను వృత్తాన్ని చిన్నది చేసి, గీతలు లేని స్లైసులో, సరిగ్గా మధ్యలో పెట్టి చూస్తే 24 వచ్చింది. అది పెద్ద యాక్సిడెంట్ కేసు గనక కాంట్రాస్ట్ లేని ఫేజు తియ్యలేదు. ఉంటే ఇంకా తేలికయ్యేది. కాంట్రాస్ట్‌కు ముందూ తర్వాతా అంకె కదలకపోతే లోపల రక్తప్రసారం లేదన్నమాట. గట్టి కణితయితే కాంట్రాస్ట్ తాగకుండా ఉండదు.

ఇలాంటివాటిని థైమోమా అనుకుని ఛాతీ తెరిచి, తీరా తీశాక మామూలు తిత్తి అని తేలిన ఆపరేషన్లు ప్రపంచమంతటా ఉన్నాయి. బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ హాస్పిటల్ రేడియాలజిస్టు జీన్ ఆక్‌మన్, ఆమె సహచరులు ఈ అనవసరపు థైమెక్టమీల గురించి రాస్తూ, ఆపరేషన్‌కు ముందు ఎంఆర్‌ఐ చెయ్యమని గట్టిగా చెప్తూ వచ్చారు. ఆ వాదన నాకు నూటికి నూరుపాళ్ళు నచ్చుతుంది. తిత్తయితే టీ2 బొమ్మలో తెల్లగా వెలుగుతుంది. గాడోలినియం ఇచ్చాక లోపల ఏమీ మెరవదు. టీ1లో మాత్రం తెల్లగా ఉన్నా నల్లగా ఉన్నా కంగారు పడకు, లోపలి ప్రొటీనును బట్టి మారుతుంది. ఎంఆర్‌ఐ ఖర్చు ఆ కుటుంబానికి భారమే. నాకు తెలుసు. అయినా రెండు సెంటీమీటర్ల నీటిబుడగ కోసం రొమ్ము ఎముక కొయ్యడం పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. కుర్రాడి విరిగిన కాలు అతుక్కుని, ఇంటికెళ్ళి, కుదుటపడ్డాక ఎంఆర్‌ఐ చేయించుకోవచ్చు. ఇందులో తొందరేమీ లేదని కూడా రిపోర్టులో రాయి. తొందర లేదన్న సంగతి ఆ తల్లిదండ్రులకు చాలా అవసరం.

అయితే ఆ చోట తిత్తిలా కనిపించేవన్నీ తిత్తులని అనుకోకు. గోడ ఒక పక్క మందంగా ఉందా, లోపలికి ఉబ్బుగా పెరిగిన ముక్క ఏమైనా ఉందా, అడ్డుతెరలు లావుగా ఉన్నాయా చూడు. ఉంటే థైమోమాయే తిత్తిగా మారి ఉండొచ్చు. కొవ్వు గానీ సున్నం గానీ కనిపిస్తే టెరటోమాను తలచుకో. మనిషితో మాట్లాడేటప్పుడు సాయంత్రమయ్యేసరికి కనురెప్పలు వాలిపోతున్నాయా, ఒకటి రెండుగా కనిపిస్తోందా అని అడుగు. మయస్తీనియా ఉంటే లెక్క మొత్తం మారిపోతుంది. అమెరికాలోని ఫ్రేమింగ్‌హామ్ గుండె అధ్యయనంలో సీటీ చేయించుకున్న రెండువేల అయిదువందల పైచిలుకు మందిలో 0.9 శాతానికి ఈ ముందు గదిలో ఏదో ఒకటి కనబడింది. వాళ్ళెవరూ దాని కోసం వచ్చినవాళ్ళు కారు. అంటే ఇలాంటివి నీకు ఏడాది పొడుగునా వస్తూనే ఉంటాయి.

ముందు గది అన్నాను కదా. 2014లో థైమస్ కణితుల మీద పనిచేసే అంతర్జాతీయ బృందం ఐటీఎంఐజీ వాళ్ళు మీడియాస్టైనాన్ని సీటీ చూసి గీయగలిగేలా మూడు గదులు చేశారు. రక్తనాళాల ముందు ఒకటి, గుండె, శ్వాసనాళం, అన్నవాహిక ఉన్న మధ్య గది ఒకటి, వెన్నెముక పక్కన ఒకటి. సిస్టు ఎక్కడుందో తేల్చుకుంటే సగం పని అయినట్టే. వెన్నెముక పక్కన తిత్తి కనబడితే వెన్నుపూసల రంధ్రంలోకి దారి ఉందేమో చూడకుండా ఎవరినీ సూది పెట్టనివ్వకు. అది మెనింగోసీల్ అయితే లోపల ఉన్నది వెన్నుద్రవం. బృహద్ధమని వెనక అర్ధచంద్రంలా, గోడే లేకుండా కనిపించే నీరు పెరికార్డియం మడత మాత్రమే. దాన్ని లింఫ్ గ్రంథి అనో సిస్టు అనో రాసిన రిపోర్టులు నా దగ్గరికి ఇప్పటికీ వస్తుంటాయి. డయాఫ్రం కాళ్ళ వెనక కుడి పక్కన ఉండే కైల్ సంచీ కూడా అలాంటిదే.

మధ్య గదిలో, శ్వాసనాళం రెండుగా చీలే చోట కింద, మన ఊళ్ళలో ఒక ప్రత్యేకమైన చిక్కుంది. పాఠ్యపుస్తకం ప్రకారం అక్కడ గుండ్రంగా నునుపుగా ఉన్నది బ్రాంకోజెనిక్ సిస్టు. కానీ టీబీ ఉన్న మన దేశంలో సరిగ్గా అక్కడే, శ్వాసనాళానికి కుడి పక్కనా, కుళ్ళి మెత్తబడిన గ్రంథులు ఉంటాయి. బ్రాంకోజెనిక్ సిస్టు సాధారణంగా ఒక్కటే ఉంటుంది, గోడ పలచన, కాంట్రాస్ట్ ఇచ్చినా అంకె మారదు. లోపలి పదార్థం చిక్కగా ఉండి 60, 80 చూపించినా మారదు. టీబీ గ్రంథి అంచు కాంట్రాస్ట్‌తో ఉంగరంలా మెరుస్తుంది. దాని పక్కన ఇంకోటో రెండో ఉంటాయి, ఊపిరితిత్తిలో ఎక్కడో పాత మచ్చో కొత్త మచ్చో దొరుకుతుంది. జ్వరం, బరువు తగ్గడం అడుగు. రెండూ ఒకేలా ఉన్నాయని "శ్వాసనాళంలోంచి ఈబస్ సూదితో నమూనా తియ్యాలి" అని రిఫ్లెక్సుగా రాసెయ్యకు. గ్రంథికైతే సూది సరైనదే. శుభ్రంగా ఉన్న బ్రాంకోజెనిక్ సిస్టులోకి సూది దింపితే ఇన్‌ఫెక్షన్ చేరి మీడియాస్టైనం అంతా చీము పట్టిన కేసులు ఉన్నాయి. సందేహం ఉంటే అక్కడా ఎంఆర్‌ఐయే ముందు.

ఊపిరితిత్తిలో గాలి నిండిన సిస్టుల గురించి నువ్వు మరీ భయపడుతున్నావు. ఆ రిటైర్డ్ తహసీల్దారు గారికి కింది లోబ్ అంచున ఒక్కటే ఒక్కటి, సెంటీమీటరు, గోడ పలచన. దానికి ఆరు నెలలకోసారి సీటీ అన్నావు. ఫ్రేమింగ్‌హామ్ వాళ్ళే 2015లో దీని మీద కూడా ప్రచురించారు. 7.6 శాతం మందిలో ఇలాంటి సిస్టులున్నాయి. నలభై లోపు వయసు వాళ్ళలో ఒక్కరికీ లేవు. చాలావరకు ఒక్కొక్కటే, కింది లోబుల్లోనే, ఏళ్ళు గడిచినా అలాగే ఉండటమో కాస్త పెరగడమో తప్ప ఏమీ చెయ్యలేదు. అది వయసుతో వచ్చిన మార్పు. ఒక ఛాతీ సీటీలో రేడియేషన్ సుమారు ఆరేడు మిల్లీసీవర్టులు, ఛాతీ ఎక్స్‌రేలో 0.1 మాత్రమే. పెద్దాయనకు ఏ లాభం కోసం మళ్ళీ మళ్ళీ అంత? సెంటర్‌కు ఫాలో-అప్ స్కాన్ వల్ల ఆదాయం ఉంటుంది. ఆ ఒత్తిడి ఎక్కడైనా ఉండేదే. నీ పెన్ను మాత్రం దానికి లొంగకూడదు.

అదే సిస్టుకు గోడ రెండు మిల్లీమీటర్లు దాటినా, లోపల అడ్డుగోడలున్నా, ఒక పక్కన చిన్న ముడి అంటుకుని ఉన్నా నా మాట మారుతుంది. కొన్ని ఊపిరితిత్తి కాన్సర్లు గాలితిత్తి గోడలోనే మొదలై, తిత్తి పక్కనే పెరుగుతాయి. లంగ్-ర్యాడ్స్ 2022 కూర్పులో అందుకే వీటిని విడిగా చేర్చారు. ఇక్కడ పాత స్కాను దొరికితే ఏ పుస్తకమూ చెప్పలేనిది చెప్తుంది. 2020, 21లలో కోవిడ్ భయంతో మన జనం ఎంతమంది సీటీలు చేయించుకున్నారో నీకు తెలుసు. ఆ పెద్ద పెద్ద ఫిలిం కవర్లు ఇప్పటికీ బీరువాల మీదా మంచాల కిందా ఉన్నాయి. రోగిని పడుకోబెట్టేముందే రిసెప్షన్ అమ్మాయి చేత "పాత సీటీ ఏమైనా ఉందా, ఫిలిమో సీడీయో తెచ్చారా?" అని అడిగించు. కొన్నేళ్ళ కిందటి బొమ్మలో అదే తిత్తి, అదే సైజులో, అదే గోడతో ఉంటే ఇంకేమీ చెయ్యక్కర్లేదు. అప్పుడు లేని ముడి ఇప్పుడు ఉంటే ఒక్క రోజు కూడా ఆగకూడదు.

ఒకటి రెండు ఉంటే వయసు. లెక్కపెట్టలేనన్ని ఉంటే జబ్బు. ముప్ఫై, నలభై ఏళ్ళ ఆడమనిషికి రెండు ఊపిరితిత్తుల నిండా గుండ్రటి తిత్తులు సమానంగా పరుచుకుని ఉంటే లామ్ (లింఫాంజియోలియోమయోమటోసిస్) పేరు రాయకుండా లేవకు. ఆ స్కాన్ ఆఖరి స్లైసుల్లో కిడ్నీల పైభాగం కనబడుతుంది. అక్కడ కొవ్వున్న గడ్డ ఉందేమో చూడు. ఉంటే ఆంజియోమయోలైపోమా, రెండూ ఒకే జబ్బు తాలూకు. ఎప్పుడైనా ఊపిరితిత్తి చుట్టూ గాలి చేరిందా అని అడుగు. రక్తంలో వీఈజీఎఫ్-డి 800 పికోగ్రాములు, అంతకు పైన ఉంటే ఊపిరితిత్తి ముక్క తియ్యకుండానే తేల్చవచ్చు. సిరోలిమస్‌తో ఊపిరి తగ్గిపోకుండా నిలబెట్టవచ్చని 2011లో మైల్స్ ట్రయల్ చూపించింది. అలాంటి అమ్మాయిని ఎన్నో ఏళ్ళు ఆస్తమా అని ఇన్‌హేలర్లతో నెట్టుకొస్తుంటారు. నీ రిపోర్టులో ఒక్క పేరు ఆమె దారి మార్చేస్తుంది. సిగరెట్లు తాగేవాడికి పై లోబుల్లో వంకరటింకర తిత్తులు, మధ్యలో చిన్న ముడులు ఉంటే లాంగర్‌హాన్స్. తండ్రికో మేనత్తకో కూడా గాలి చేరిన చరిత్ర ఉండి, తిత్తులు కిందివైపూ మీడియాస్టైనం పక్కనా ఉంటే బర్ట్-హాగ్-డ్యూబే. వాళ్ళకు కిడ్నీలు చూసుకుంటూ ఉండాలి. నోరూ కళ్ళూ ఎండిపోతున్నాయంటే షోగ్రెన్స్. అన్నట్టు ఎంఫిసీమాను సిస్టులని రాయకు. దానికి గోడ ఉండదు, నల్లటి ఖాళీ మధ్యలో చుక్కలా రక్తనాళం కనబడుతుంది.

చివరిది ఆలూరు వైపు నుంచి వచ్చిన గొర్రెల కాపరి కుర్రాడిది. దీని గురించి ఉత్తరం చేరేదాకా ఆగకూడదని నిన్నే మెసేజ్ పెట్టాను, చూసే ఉంటావు. కుడి కింది లోబ్‌లో ఆరు సెంటీమీటర్లు, నునుపు గోడ, లోపల నీరు. మిలిటరీ సెలక్షన్ ముందు తీయించిన ఎక్స్‌రేలో బయటపడింది, వాడికి బాధేమీ లేదు. రాయలసీమలో, గొర్రెలూ కుక్కలూ ఉన్న ఇంటి నుంచి వచ్చినవాడికి ఇది హైడాటిడ్ కాదని తేలేదాకా హైడాటిడే. కోసిన గొర్రె పేగులూ కాలేయమూ కుక్క తింటుంది, కుక్క పేగుల్లో ఎకినోకాకస్ పెరుగుతుంది, దాని గుడ్లు నేల మీదికీ నీళ్ళలోకీ ఆకుకూరల మీదికీ, అక్కడి నుంచి మనిషి నోటికీ చేరతాయి. ఊపిరితిత్తి మెత్తగా ఉంటుంది గనక అక్కడ తిత్తికి పెరగడానికి అడ్డు తక్కువ. రక్తపరీక్ష నెగెటివ్ వచ్చినా నమ్మకు, ఊపిరితిత్తి తిత్తుల్లో అది తరచూ తప్పుతుంది. గోడ పొరల మధ్య నెలవంకలా గాలి కనబడినా, లోపల పొర ఊడి నీటి మీద కలువలా తేలినా పగలడం మొదలైందని అర్థం.

ఇంప్రెషన్‌లో మొదటి వాక్యం "హైడాటిడ్ సిస్టు అనుమానం బలంగా ఉంది, సూది పెట్టకూడదు" అని ఉండాలి. సూదితో ద్రవం ఛాతీలోకి చిందితే ఒక్కసారిగా అలర్జీతో ప్రాణం పోవచ్చు. బతికితే చిందిన చోటల్లా కొత్త తిత్తులు పుడతాయి. ఇది రాసి ఊరుకోకు, సర్జన్‌కు ఫోన్ చేసి నోటితో కూడా చెప్పు. ఆల్బెండజోల్ ముందే మొదలుపెట్టాలా అన్నది ఆయనకే వదిలిపెట్టు. ఊపిరితిత్తి తిత్తికి ఆపరేషన్ ముందు ఆ మందిస్తే గోడ బలహీనపడి పగిలే ప్రమాదం ఉంది. కాలేయం అల్ట్రాసౌండ్ ఇవ్వాళే చెయ్యి, అక్కడ ఇంకోటి ఉండే అవకాశం తక్కువేం కాదు. వాడి అన్నదమ్ములనూ తల్లినీ కూడా తీసుకురమ్మను. కుక్కలకు ప్రాజిక్వాంటెల్ ఇప్పించమనీ, కోసిన జీవాల లోపలి భాగాలు వాటికి వెయ్యకుండా పాతిపెట్టమనీ వాడి తండ్రికి అర్థమయ్యేలా చెప్పు. సర్జన్ ఏమన్నాడో రాత్రికి నాకు ఫోన్ చెయ్యి.

మీ అమ్మానాన్నల్ని అడిగానని చెప్పు.

నీ
అత్తయ్య